ఏలూరు సర్కారు, చౌమహల్లా దర్బారు

రాజప్రాసాదముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా ఆ ప్రాసాదములందు నివసించిన ప్రభువుల పట్టాభిషేకములను, వారు ధరించిన యాభరణములను, దూరదేశములనుండి తెప్పించిన దీపవృక్షములను వర్ణించి తృప్తి నొందుదురు గాని, ఆ ప్రభుత్వమును పోషించిన ధనము ఏ యూరి కళ్ళములనుండి, ఏ చెరువు క్రింది మళ్ళనుండి, ఏ రేవు సుంకములనుండి వచ్చెనో విచారించువారు అరుదు. హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు కొలది దూరమున, గాజుల యంగళ్ళు బారులు తీరిన లాడ్‌బజారునకు దక్షిణముగా నున్న చౌమహల్లా ప్రాసాదమును చూచి వచ్చిన ఏలూరువారును, తాడేపల్లిగూడెమువారును దానిని తమకెట్టి సంబంధమును లేని యొక నవాబు వైభవముగా వర్ణించి చెప్పుట పలుమారులు వింటిని. వారి మెప్పు సత్యమే. సంబంధము లేదను తలంపు మాత్రము సత్యము కాదు. ఆ తోటకును, ఆ దర్బారునకును, మన కొల్లేటి మండలమునకును నడుమ డెబ్బదియేండ్ల బేరమొకటి నడచినది. అందు అమ్మినవారును కొన్నవారును చరిత్రకెక్కిరి. బేరమాడబడిన మండలముమాత్రము, తన శిస్తు ఏ కోటకు పోవుచున్నదో తెలియకయే, ఏటేట వరి పండించుచుండెను.

నేను చెప్పదలచిన దొక్కటే. 18వ శతాబ్ది నడుమ, 1750 ప్రాంతమున, చౌమహల్లాకు ఆరంభము చేసినవాడని చరిత్రకారులు చెప్పు సలాబత్ జంగే, ఏలూరు సర్కారును మొట్టమొదట పరదేశీయుల చేతిలో పెట్టినవాడు. రాజధానిలో మహలునకు పునాదు లెత్తించిన ప్రభువే, ఆ మహలునకు వెన్నుదన్నుగా నిలువవలసిన సముద్రతీరమును వదలుకొనెను. ఈ రెండు కార్యములను వేరువేరు గ్రంథములలో చదివినచో వింత తోపదు. ఒక్కచో చేర్చి చదివినచో ఆ ప్రాసాదపు గోడలు వేఱుగా కానవచ్చును.

ఈ మండలము ఆనాటికే ప్రాచీనమైనది. తమ్మిలేటి యొడ్డున నున్న ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరములో పెదవేగి కలదు. శాలంకాయనులును, అనంతరము తూర్పు చాళుక్యులును ఏలిన వేంగీపురము అదియే. దక్షిణమున కొల్లేరు. కృష్ణా గోదావరులు రెండును యుగములుగా తెచ్చి పోసిన యొండ్రు నడుమ పూడక మిగిలిపోయిన పల్లము ఈ సరస్సు. బుడమేరును తమ్మిలేరును రామిలేరును గుండేరును దీనిలో వచ్చి కలియగా, ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. రెండవ పులకేశి యొక్క యైహోళె శాసనమున, యుద్ధమున కూలినవారి రక్తముచే జలములు రంగుమారెనని చెప్పబడిన కునాల సరస్సు ఈ కొల్లేరే యని పరిశోధకులు పెక్కురు నిర్ణయించిరి. ఆ శాసనము 634వ సంవత్సరము నాటిది. ఈ నేలకై రాజులు పోరాడుట క్రొత్త గాదు. గజపతులనుండి గోల్కొండ సుల్తానులకును, 1687లో గోల్కొండ పతనమైన వెనుక ఔరంగజేబు ప్రతినిధులకును, 1724 అనంతరము దక్కను సుబాను స్వతంత్రముగా పాలింపనారంభించిన నిజాముల్ముల్కు ఆసఫ్‌జాకును ఇది క్రమముగా సంక్రమించెను. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి కేంద్రముగా గల ముస్తఫానగరు, గుంటూరు కేంద్రముగా గల ముర్తజానగరు అను నయిదును ఉత్తర సర్కారులని ప్రసిద్ధి కెక్కినవి.

సర్కారు లనగా మ్యాపులోని గీతలు మాత్రమే కావు. ఏలూరు సర్కారులో శిస్తు వసూలు చేయు అమీలు నుండి నూజివీడు అప్పారావులవంటి జమీందారుల వరకును, దేశముఖులనుండి గ్రామకరణముల వరకును మెట్లుమెట్లుగా అధికారమును ఆదాయమును పంచుకొనువా రుండిరి. ఆనకట్టలు లేని ఆ కాలమున పంట వానను వరదను నమ్ముకొనియుండెను. తొలకరి ముదిరినంతనే కొల్లేటి లంకల చుట్టును నీరు క్రమ్ముకొనును; వేసవి నాటికి పశువులు మేయు బీళ్ళు బయల్పడును; ఒక యేట పంట నీట మునుగును, మఱియొక యేట నీరులేక యెండును. ఇట్టి చంచలమైన యాదాయమును నమ్మియే ఔరంగాబాదులోను హైదరాబాదులోను సైన్యములకు జీతములు నిర్ణయింపబడుచుండెను.

1748లో నిజాముల్ముల్కు బుర్హాన్‌పూరున మరణించినతోడనే వారసత్వకలహము చెలరేగెను. కుమారుడు నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో చెంజి సమీపమున హతుడయ్యెను. దౌహిత్రుడు ముజఫర్ జంగ్ ఫ్రెంచివారి బలముతో గద్దె నెక్కి, రెండు నెలలు గడచునో లేదో, 1751 ఫిబ్రవరిలో కడప మండలమున పఠాను నవాబుల తిరుగుబాటులో నేలగూలెను. ఆ సైన్యమును నడిపించుచుండిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఏమాత్రము తొట్రుపడక, అదే శిబిరమున నిర్బంధములో నుంచబడిన నిజాముల్ముల్కు మూడవ కుమారుడు సలాబత్ జంగును వెలికి తెచ్చి సుబేదారుగా ప్రకటించెను. ప్రాతఃకాలమున బందీగా నున్నవాడు సాయంకాలమునకు దక్కను ప్రభువగుట కథలలో మనోహరముగా నుండును. ఆ ప్రభువునకు మాత్రము అది జీవితాంతమును తీరని ఋణమై నిలిచెను. తన్ను నిలిపిన ఫ్రెంచి పటాలము లేనిదే తాను నిలువజాలడు. ఆ పటాలము నిలువవలెనన్న జీతము లీయవలెను. జీతము లిచ్చుటకు బొక్కసమున సొమ్ము లేదు. సలాబత్ జంగు పాలనమంతయు ఈ చక్రములోనే తిరిగినది.

ఆస్థానమున ఫ్రెంచివారిని గిట్టనివారు కొందఱు, వారిని కత్తితో గాక ఆకలితో పారద్రోలవచ్చునని తలచి, జీతములను బిగబట్టిరి. వ్యాధిగ్రస్తుడై మచిలీపట్టణమునకు పోయియుండిన బుస్సీ యీ సంగతి విని తిరిగి వచ్చి, ఔరంగాబాదు చేరి, 1753 నవంబరులో సలాబత్ జంగుచేత ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను తన పటాలపు జీతములకై వ్రాయించుకొనెను. జీతమునకు బదులు భూమిని చూపించుట మొగలుల యేలుబడిలో వింత గాదు. జాగీరుల పద్ధతి యంతయు అట్టిదే. వింత యేమనగా, సముద్రము దాటి వచ్చిన వర్తకసంఘమునకు, మచిలీపట్టణపు రేవు అదివరకే చేతిలో గలవారికి, ఆ రేవు వెనుకనున్న పంటభూముల నన్నింటిని ఒక్క సంతకముతో ధారవోయుట. ఆ సంతకమునకు ముందు దెందులూరు కరణమునుగాని కైకలూరు రైతునుగాని అడిగినవారు లేరు. అడుగుట ఆనాటి యాచారము గాదు. ఆచారము గాదు గదా యని చరిత్రకారుడును వారిని మరచుట నాకు సమ్మతము గాదు.

ఈ దానమును అంగీకరింపనివాడు ఒకడుండెను. రాజమహేంద్రవర శ్రీకాకుళములను నిజాము పక్షమున పాలించుచుండిన జాఫర్ అలీఖాన్ తన పదవి పోవుటను సహింపలేక, నాగపురపు రఘూజీ భోంస్లే సైన్యములను ఆహ్వానించెను. మహారాష్ట్ర గుఱ్ఱపుదండు 1754లో సర్కారులపై విరుచుకొనిపడి, దొరికినదెల్ల దోచుకొనిపోయెను. ఫ్రెంచివారి ప్రభుత్వము ఈ దోపిడి నడుమ నారంభమైనది. ఔరంగాబాదులో పత్రముపై సిరా ఆరునంతలో, ఇచ్చట ఇండ్లపై కప్పు మిగులలేదు.

ఈ కథలో తోట యొకటి కోటగా మారిన ఘట్టము కలదు. ప్రాసాదములను ఉద్యానములను విలాసస్థానములుగా మాత్రమే యెఱిగిన మనకు అది తెలియవలసినది. 1756 వేసవిలో దక్కను దివాను షానవాజ్ ఖాన్ ప్రేరణచే సలాబత్ జంగు బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ తీరమునకు పోవుచున్నట్లు కనబడి, హైదరాబాదు చేరి, గోల్కొండ సుల్తానుల కాలపు చార్మహల్ అను నుద్యానప్రాసాదమును ఆక్రమించి, దాని ప్రాకారములను బలపఱచి, పూపొదల నడుమ ఫిరంగుల నెక్కించి కూర్చుండెను. తన్ను గద్దె నెక్కించినవానిని తన రాజధానిలోనే, తన పూర్వప్రభువుల తోటలోనే ముట్టడింపవలసిన దురవస్థ సలాబత్ జంగునకు పట్టెను. ముట్టడి వేసవి దాటి వర్షకాలమున ప్రవేశించెను. తుదకు ఆగస్టు నెలలో మచిలీపట్టణమునుండి లా యను సేనాని క్రొత్త బలమును తీసికొని, కొండలలో అడవులలో అడుగడుగున పోరాడుచు వచ్చి చేరుటతో, సలాబత్ జంగు రాజీకి దిగి బుస్సీకి వెనుకటి గౌరవమును మరల నొసగెను. సర్కారుల యాదాయముతో జీతము లందుకొనుచుండిన పటాలమే ఆ సర్కారుల నిచ్చిన ప్రభువును లొంగదీసెను. అక్కడి తోటలో మ్రోగిన ఫిరంగులకు ఇక్కడి గాదెలు ఖాళీ యగుచుండెనని చెప్పుటలో అతిశయోక్తి యేమియు లేదు.

తరువాతి మూడేండ్ల వృత్తాంతము తెనుగువారి కెల్ల తెలిసినదే. 1757 జనవరిలో శిస్తు వసూలునకై ఉత్తరమునకు నడచిన బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామ గజపతి మాటకు లోబడి బొబ్బిలిని ముట్టడించెను. బొబ్బిలి ప్రభువు రంగారావును అతని వారును నశించిరి. తాండ్ర పాపారాయని కత్తికి విజయరామరాజు బలియయ్యెను. వెలమవీరుల త్యాగమును గానము చేయు మన బొబ్బిలి కథలో బుస్సీ రాక్షసునివలె కనబడును గాని, ఆ యుద్ధమునకు మూలకారణమైన 1753 నాటి పత్రము ఏ జంగమకథలోను కనబడదు. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ ఆజ్ఞచే బుస్సీ దక్షిణమునకు మరలగా, విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి యింగ్లీషువారిని పిలిచెను. వంగదేశమునుండి ఓడలపై వచ్చిన కర్నలు ఫోర్డు డిసెంబరులో పిఠాపురము దగ్గఱి చందుర్తికడ కాన్‌ఫ్లాన్ నాయకత్వమున నున్న ఫ్రెంచివారిని ఓడించి, రాజమహేంద్రవరమును పట్టుకొని, 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరెను.

ఆ నెలలో ఏలూరు దృశ్యము నా కనుల ముందు కదలాడును. ఫోర్డు వద్ద ధనము లేదు. ఇచ్చెదనన్న సొమ్ము ఆనందరాజు ఈయలేదు. ముందు మచిలీపట్టణపు కోట. దాని చుట్టును బాడవ, బురద. వెనుక శత్రువుగానో మిత్రుడుగానో తేలని జమీందారులు. పడమట బెజవాడ వైపునుండి, తన యాశ్రితులైన ఫ్రెంచివారిని రక్షించుటకై మహాసైన్యముతో కదలి వచ్చుచున్న సలాబత్ జంగు. జీతములు లేక యింగ్లీషు సిపాయిలే యొకమారు ఆయుధములు పట్టి యెదురుతిరిగిరి. అయినను 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు బురదలోబడి నడచి, కోటగోడ లెక్కి, తనకంటె నధికసంఖ్యలో నున్న ఫ్రెంచివారిని బందీలుగా పట్టుకొనెను. కొలది మైళ్ళ దూరమున విడిసియుండిన సలాబత్ జంగు ఈ వార్త విని నిశ్చేష్టుడయ్యెను. పైపెచ్చు తమ్ముడు నిజాం అలీ రాజధానివైపు వచ్చుచున్నాడని వార్త. ముందు తురకదొరలకు తెలియని యుద్ధతంత్రము, వెనుక సోదరుని కత్తి. ఆ నడుమ చిక్కిన ప్రభువు 1759 మే 14వ తేదీని సంధి చేసికొని, మచిలీపట్టణమును దాని చుట్టుపట్టుల నున్న పరగణాలను, నిజాంపట్టణము మొదలగువానిని ఇంగ్లీషువారికి వదలి, ఫ్రెంచివారిని తన కొలువున నుంచుకొననని మాట యిచ్చెను. ఏలూరు సర్కారు ఆ సంధిలో చేరలేదు. మరికొన్నియేండ్లు నిజాము పేరనే నడచెను. కాని రేవు పోయిన వెనుక రేవుననుసరించియుండు పల్లెలు ఎంతకాలము నిలుచును?

సలాబత్ జంగును 1762లో నిజాం అలీఖాన్ పదచ్యుతుని చేసి బీదరు కోటలో బంధించెను. మరుసటి యేడు ఆ కోటలోనే యాతడు మరణించెను. నిర్బంధమునుండి గద్దెకు, గద్దెనుండి నిర్బంధమునకు, నడుమ పదునొకండేండ్లు. తాను ఆరంభింపజేసిన మహలులు పూర్తియై దీపములతో వెలుగుట చూచుట కాతడు నోచుకొనలేదు. చరిత్రకారులు అతనిని దుర్బలుడని నిందింతురు. దుర్బలుడే; కాని జీతములకై భూమిని కుదువపెట్టు పద్ధతిని అతడు కనిపెట్టలేదు, అతనితో అది ముగియను లేదు.

నిజాం అలీఖాన్ కాలమున రాజధాని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మారి స్థిరపడెను. 1765లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పక్షమున క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలమునుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందెను. సొంతబలము లేని పాదుషా తనకు చేతచిక్కని భూమిని దానము చేయుట సులభమే. నిజాము దీని నంగీకరింపక యుద్ధసన్నాహము చేయగా, 1766 నవంబరు 12వ తేదీని హైదరాబాదులో సంధి కుదిరెను. ఏలూరు, రాజమహేంద్రవరము, ముస్తఫానగరము అను మూడింటికి గాను ఏటికి 5 లక్షల రూపాయలును, శ్రీకాకుళమునకును ముర్తజానగరునకును అవి తమ వశమైనప్పుడు చెరియొక 2 లక్షలును కంపెనీవారు పేష్కషు, అనగా కప్పము, చెల్లించునట్లు ఏర్పాటయ్యెను. 1768లో మచిలీపట్టణపు సంధి ఈ మొత్తములను తగ్గించెను. గుంటూరు సర్కారు నిజాము సోదరుడు బసాలత్ జంగు జీవితకాలమున ఆతని యధీనమున నుండి, 1788లో కంపెనీవారికి చిక్కెను. ఇట్లు, పేరునకు సర్కారులు నిజామువే; అధికారము కంపెనీది; వసూలు జమీందారులది; చెమట రైతుది. ఆ పేరును నిలుపుకొనుటకు ఏటేట కొంత పైకము హైదరాబాదు చేరుచుండెను. ఏలూరు పేరు ఆ దర్బారు లెక్కలలో మిగిలినది ఆ పేష్కషు పద్దుగా మాత్రమే.

ఆ పద్దును 1823లో కొట్టివేసిరి. ఎట్లు కొట్టివేసిరో చెప్పుట అవసరము. మూడవ నిజాము సికందర్ జా కాలమున హైదరాబాదు ప్రభుత్వము విలియం పామర్ కంపెనీ యను వడ్డీవ్యాపారుల వలలో చిక్కుకొనెను. రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఆ సంస్థ నిర్వాకములను బయటపెట్టగా, అప్పును తీర్చి దాని పట్టు విడిపింపవలసి వచ్చెను. తీర్చుట కేమున్నది? ఉత్తర సర్కారులపై ఏటికి వచ్చు 7 లక్షల పేష్కషు ఉన్నది. నూటికి ఆరు రూపాయల వడ్డీ రాబట్టు మూలధన మెంతయో లెక్కవేసి, 1,16,66,666 రూపాయలని తేల్చి, ఆ మొత్తమునకు గాను నిజాము హక్కులను కంపెనీవారు శాశ్వతముగా కొనివేసిరి. పదునారేండ్ల యెనిమిది నెలల పేష్కషు! వేంగీచాళుక్యులు మూడు నాలుగు వందలయేండ్లు నిలుపుకొనిన నేలపై కడపటి ప్రభుత్వపుహక్కు ఈ వడ్డీలెక్కతో తెగిపోయెను. ఒక్క తుపాకియు పేలలేదు. ఏలూరులో ఆనాడు ఎవరైనను పండుగ చేసికొనిరో, దుఃఖించిరో చరిత్ర చెప్పదు. సంగతి తెలిసినవారే ఎందఱుందురు?

ఆ బేరము జరిగిన పదేండ్లకు, నందన నామ సంవత్సరమున, గుంటూరు మచిలీపట్టణ మండలములలో ఘోరమైన క్షామము ప్రవేశించి ఊళ్ళకు ఊళ్ళను పాడుపెట్టెను. అనంతరము ఆర్థర్ కాటన్ ధవళేశ్వరముకడ 1847లో ఆనకట్ట నారంభించి 1852 నాటికి పూర్తిచేసెను. కాలువలు త్రవ్వబడెను, నిడదవోలునుండి తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరువరకు గోదావరి నీరు సాగివచ్చెను, ధాన్యపు పడవలు నడచెను. వానకై యాకాశమును చూచుచుండిన మండలము దేశమునకు అన్నము పెట్టునదయ్యెను. నిజాము తన హక్కును విక్రయించిన ఇరువదినాలుగేండ్లకే ఆనకట్టకు తొలిరాయి పడినది. ఇందు దైవగతిని నేను చూపుట లేదు. ఈ నేల విలువను నీటితో గాక వడ్డీతో లెక్కించిన ఏలికలు ఎంత తప్పుగా లెక్కించిరో మాత్రము చూపుచున్నాను. ఆ నేలను కొన్న కంపెనీవారును, తీవ్రమైన క్షామము వచ్చి శిస్తు పడిపోవువరకు, నీటి మాట తలపెట్టలేదు.

ఇక ప్రాసాదమును చూతము. సర్కారులతో సంబంధము పూర్తిగా తెగిన పిదపనే చౌమహల్లా తన తుది రూపమును పొందెను. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పాలించిన 1857-1869 నడుమ అది పూర్తియైనదని ప్రసిద్ధి. టెహరాను నగరమున షా నివసించిన ప్రాసాదము దీనికి మాతృక యని చెప్పుదురు. ఒకప్పుడు ఉత్తరమున లాడ్‌బజారునుండి దక్షిణమున అస్పాన్ చౌక్ వరకు 45 ఎకరముల నాక్రమించియుండిన యీ ప్రాంగణము నేడు 12 ఎకరములకు కుదించుకొనిపోయినది. మిగిలిన భాగమునందు రెండు పెద్ద ముంగిళ్ళు కలవు. దక్షిణపు ముంగిలి ప్రాచీనతరము. అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ అను నాలుగు మహలులు ఒక నీటికొలనును చుట్టి నిలిచియుండును. వీనిలో రెండంతస్తుల అఫ్తాబ్ మహలు మిక్కిలి గంభీరమైనది. పచ్చికబయళ్ళును, చిమ్మనగ్రోవులును, కొలనులో తలక్రిందుగా కానవచ్చు స్తంభములును చూచుచున్నవారికి వెలుపలి గల్లీల రొద వినబడదు.

ఉత్తరపు ముంగిట ప్రధానమైనది ఖిల్వత్ ముబారక్. ఇదే నిజాముల దర్బారుశాల. పాలరాతి వేదికపై సింహాసనము. పైకప్పునుండి బెల్జియము గాజుతో చేసిన 19 దీపవృక్షములు. బారా ఇమామ్ అను గదుల వరుసయు, దానికి ప్రతిగా శీషె ఆలాతును కొలనునకు ఇరువైపుల నున్నవి. ప్రవేశద్వారముపై నున్న గడియారము రెండువందలయేండ్లకు పైగా కాలమును చెప్పుచున్నదందురు. దర్బారుశాలలో నిలిచిన యాత్రికులందఱును తల పైకెత్తి దీపములను చూతురు. నా కన్నులు మాత్రము నేలవైపు పోయినవి, ఏలనన ఏలూరువానికి నేలపై పరచు వస్తువు గూర్చి చెప్పుటకు కొంత కలదు.

దర్బారనగానే తివాచీ. దక్కను దేశమున ఉన్నితో ముడులువేసి నేయు తివాచీలకు ఏలూరు మిక్కిలి పేరు పొందినది. పారసీకదేశమునుండి వచ్చి స్థిరపడిన ముస్లిముకుటుంబముల వలన ఆ పని యిచ్చట నాటుకొనెనని తరతరములుగా చెప్పుకొందురు. 17వ శతాబ్దిలో మచిలీపట్టణమున వ్యాపారము చేసిన డచ్చివారును ఇంగ్లీషువారును ఏలూరు తివాచీలను ప్రస్తావించిరి. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున అవి ప్రదర్శింపబడెను. తంగెళ్ళమూడి ప్రాంతమున ఆ మగ్గముల వాసన యిప్పటికిని పూర్తిగా పోలేదు. ఒక్కొక్క ముడి వేసి, దువ్వెనతో కొట్టి, కత్తెరతో సమము చేసి, మాసములతరబడి కూర్చుండి యొక తివాచీని ముగించు కుటుంబమునకు, అది ఏ నవాబు పాదముల క్రింద పఱువబడునో, ఏ కంపెనీ యుద్యోగి యింట చేరునో తెలియదు. రాజ్యము లెన్ని చేతులు మారినను ఈ చేతులు మారలేదు. ఏలూరునకు ప్రాసాదములతో గల నిజమైన సంబంధ మిది. శిస్తుకంటె దీనిని నేను గౌరవింతును, ఏలనన శిస్తు గుంజుకొనబడినది, ఇది చేయబడినది.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దె నెక్కినను కింగ్ కోఠిలోనే నివసించుచుండుటచే, చౌమహల్లా ఉత్సవములకును అతిథులకును పరిమితమయ్యెను. 1948లో రాజ్యము పోయెను. 1967లో ఆయన మనుమడు ముకరం జా పట్టాభిషేకము ఇచ్చటనే జరిగెను గాని, ఆతడు దేశాంతరమున నివసింపగా, ప్రాసాదము దుమ్ము పట్టి, కలప చివికి, స్థలము లన్యాక్రాంతములై క్షీణించెను. ఆతని మొదటి భార్య యువరాణి ఎస్రా పూనికతో జీర్ణోద్ధరణ సాగి, 2005లో ప్రజలకు ద్వారములు తెరువబడెను. 2010లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వపురస్కారము లభించెను. 2023 జనవరిలో ముకరం జా ఇస్తాంబులున మరణింపగా, ఆతని భౌతికకాయమును చౌమహల్లాకే తెచ్చి ప్రజల దర్శనార్థ ముంచి, మక్కా మసీదు ప్రాంగణమున ఖననము చేసిరి. ఈ యుద్ధరణమును మనసార మెచ్చవలెను. ఇంత పెద్ద భవనమును నిలుపుట ఎంత ప్రయాసమో ఎఱిగినవారు అందులో లోపముల నెన్నరు.

మన వైపున నిలిచిన దేమి? పెదవేగిలో తూర్పు చాళుక్యుల ప్రాసాదము లేదు. త్రవ్వకములలో బయల్పడిన యిటుకల పునాదులును, విరిగిన శిల్పములును, నేటికిని మట్టిక్రింద నున్న దిబ్బలును కలవు. కొల్లేటిలో రాజుల విహారనౌకలు లేవు. పెద్దింట్లమ్మ కొలువైన కొల్లేటికోటయు, ఆటపాకకడ గూడుకట్టు గూడబాతులును, చేపలచెరువుల గట్లును కలవు. ఒకప్పుడు దర్బారును పోషించిన సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించి, 2002లో రామ్సార్ జాబితాలో చేర్చి, 2005, 2006లలో ఆక్రమణల గట్లను కొట్టి కాపాడవలసి వచ్చినది. ఒక ప్రాసాదమును కాపాడుటకు ఒక కుటుంబమునకు సంకల్పము చాలినది. ఒక సరస్సును కాపాడుటకు చుట్టునున్న గ్రామములన్నియు సంకల్పింపవలెను. ఆ సంకల్పము ఇంకను పూర్తిగా కుదరలేదు. ప్రాసాదము శిథిలమైన మరల కట్టవచ్చును. ఉప్పుటేరు పూడినచో కొల్లేరు వరదనీరు వరిచేలపై నిలుచును.

చౌమహల్లాకు పోదలచిన మన ప్రాంతీయులకు ఒక్క మాట. శుక్రవారము తక్క తక్కిన దినములందు ద్వారములు తెరచియుండును. ద్వారము దాటినంతనే ఎదుట నిలుచు ఖిల్వతులో చూపు చిక్కుకొనిపోవును గాని, ముందుగా దక్షిణపు ముంగిట నాలుగు మహలుల నడుమ కొంతసేపు కూర్చుండుడు. ఏలూరు సర్కారు పోయిన కాలమున ఆరంభమైన భాగము అది. తరువాత ఖిల్వతునకు రండు. ఆ శాల వెలుగులతో ఇప్పుడున్న రూపము దాల్చునాటికి సర్కారుల పేష్కషు పద్దు మూసివేయబడి మూడు నాలుగు దశాబ్దములు దాటినది; కొల్లేటి చుట్టునున్న పల్లెలలో కొందఱు వృద్ధులు తప్ప నిజాము పేరు శిస్తుకాగితముపై ఉండెడిదని చెప్పగలవా రప్పటికే లేరు.